ప్రెయిరీ పంతులమ్మ కథ రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన రాతప్రతి చదివాను. కొన్ని పేజీలు మళ్లీ మళ్లీ చదివాను. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో, ప్రెయిరీ అనే గడ్డి మైదానాల మధ్య ఒంటిగది బడులు నడిపి, నలుగురు పిల్లల్ని పెంచి, తొంభై దాటాక కన్నుమూసిన మీ పక్కింటి పెద్దావిడ జీవితాన్ని తెలుగులో పుస్తకంగా తేవాలన్న నీ ఆలోచన నాకు బాగా నచ్చింది. అక్కడి లింకన్, ఒమాహా నగరాల్లో మనవాళ్లు ఇళ్లు కొనుక్కుని, పిల్లల్ని పెంచుకుంటున్నారు. ఆ నేల మీద తమకన్నా ముందు బతికినవాళ్ల గురించి కూడా మన భాషలో రావాలి. "నాకెందుకీ సాహసం అని టెన్షన్‌గా ఉంది" అని రాశావు. టెన్షన్ పక్కన పెట్టి పుస్తకం పూర్తి చెయ్యి. అయితే ఇప్పుడున్న తీరులో కాదు. ఎక్కడ మార్చాలో నాకు తోచింది తోచినట్టు చెబుతాను.

ముందు మొదటి అధ్యాయంలోంచి త్యాగమూర్తి, మాతృమూర్తి, అక్షరజ్యోతి అన్న మాటలు తీసెయ్. అవి సన్మానపత్రాల మాటలు. పదవీ విరమణ రోజున ఏ టీచరు మెడలో దండ వేసినా చదవొచ్చు. వాటివల్ల ఆవిడ ముఖం కనబడదు. ఆవిడ ప్రేమ ఎలాంటిదో నువ్వే ఇంకోచోట రాశావు, కానీ నీకే పట్టినట్టు లేదు. రాత్రి పిల్లలు పడుకున్నాక వంటగది బల్ల మీద ఒక పక్క మర్నాటి రొట్టె పిండి, ఇంకో పక్క జెల్లీ పోసిన రేకు పళ్లెం ఉండేవని కూతురు చెప్పిందన్నావే, ఆ వాక్యం. దాన్ని వాక్యంగా వదిలెయ్యకు, రెండు పేజీలు చెయ్యి. ఆ పళ్లెం హెక్టోగ్రాఫ్. జిరాక్సులు లేని కాలంలో పల్లె టీచర్లకు అదే అచ్చుయంత్రం. జెలటిన్, గ్లిజరిన్ కలిపి కాచి, కేకు పళ్లెంలో పోసి గడ్డకట్టనిచ్చేవారు. ప్రత్యేకమైన ఊదారంగు సిరాతో లెక్కలు రాసిన కాగితాన్ని దాని మీద బోర్లా పరిచి అద్దితే అక్షరాలు జెల్లీలోకి దిగేవి. తర్వాత తెల్లకాగితాలు ఒక్కొక్కటే పరిచి, అరచేత్తో రుద్ది, మూల పట్టుకుని మెల్లగా లాగాలి. మొదటి కాపీలు ముదురుగా వస్తాయి. పోనుపోను సిరా వెలిసిపోతుంది. వేళ్లకంటిన ఊదారంగు ఒక పట్టాన వదలదు. ఆ వేళ్లతోనే పొద్దున్నే పిల్లలకు జడలు వేసి ఉంటుంది. చివరి కాపీ, చదవడానికి కళ్లు చికిలించాల్సినది, తరగతిలో ఎవరికి ఇచ్చేదో కూతుర్ని అడిగావా? సొంత పిల్లకే ఇచ్చి ఉంటుందని నాకు అనిపిస్తోంది. అనిపించింది రాయకు, అడిగి రాయి.

ఆవిడ పని రాయి అమ్మాయీ. గంటగంటకూ ఏం చేసిందో రాయి. పిల్లలు రాకముందే వెళ్లి, స్టవ్‌లో బూడిద తీసి, గింజలొలిచిన మొక్కజొన్న బెండ్లు వేసి రాజేసి, పైన బొగ్గు వెయ్యడం. తడిసిన ఉన్ని చేతిజోళ్లు స్టవ్ చుట్టూ ఆరేస్తే గదంతా నిండే ముక్కిన వాసన. పిల్లలు సీసాల్లో తెచ్చుకున్న సూప్‌ను నీళ్ల గిన్నెలో నిలబెట్టి, మధ్యాహ్నానికి వేడెక్కేలా స్టవ్ మీద పెట్టడం. ఒకటి నుంచి ఎనిమిది దాకా తరగతులన్నీ ఒకే గదిలో. ఒక్కో తరగతిని ముందు బెంచీకి పిలిచి పది నిమిషాలు పాఠం అప్పజెప్పించుకుంటుంటే, మిగతావాళ్లు తమ పని చేసుకుంటూనే పెద్దవాళ్ల పాఠం చెవిన వేసుకునేవారు. చివరికి ఎనిమిదో తరగతి పిల్లలు కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, పెట్టే పరీక్ష రాయాలి. వాళ్లు తప్పితే కౌంటీ సూపరింటెండెంట్ కన్నా ముందు తల్లిదండ్రులే నిలదీస్తారు. ఇదంతా రాశాక ఆవిడ గొప్పదని నువ్వు చెప్పనక్కర్లేదు.

బడిని వర్ణించినచోట నువ్వు మన ఊరి ఏకోపాధ్యాయ పాఠశాలనే రాసేశావు. రావిచెట్టు ఒక్కటే తక్కువ. మన బడి ఊళ్లో ఉంటుంది, గోడ పక్కనే ఎవరిదో వంటిల్లు ఉంటుంది. అక్కడ అసలు ఊరే లేదు. 1862 నాటి హోంస్టెడ్ చట్టం కింద ఒక్కో కుటుంబం 160 ఎకరాలు తీసుకుని, అయిదేళ్లు అక్కడే ఉండి సాగుచేస్తే భూమి వాళ్లదయ్యేది. చదరపు మైలుకు 640 ఎకరాలు, అంటే నాలుగు కుటుంబాలు. ఎవరి పొలంలో వాళ్ల ఇల్లు. బడి ఎవరి ఇంటికీ ఆనుకుని ఉండదు, గడ్డిలో ఒంటరిగా ఉంటుంది. పిల్లలు వెళ్లిపోయాక ఊడుస్తున్న టీచరుకు మనిషి అలికిడి వినబడదు. ఆ ఒంటరితనం నీ పుస్తకానికి ప్రాణం. ఇంకో సవరణ: టౌన్‌షిప్‌లో (ముప్పయ్యారు చదరపు మైళ్ల ముక్క, ఒక్కో చదరపు మైలూ ఒక సెక్షన్) 16, 36 నంబరు సెక్షన్లు బడులకు కేటాయించారు కాబట్టి బడి అక్కడే కట్టేవారని రాశావు. ఆ భూముల అమ్మకం మీద, కౌలు మీద వచ్చే డబ్బు బడుల నిధికి పోయేది. బడి మాత్రం పిల్లల కాళ్లకు అందేచోట కట్టేవారు. అలాగే ఆ నేలను "ఎవరూ లేని మైదానం" అన్నావు. అది పానీ, ఓటో అనే ఆదివాసీ తెగలవాళ్ల నేల. 1870లలో, 80లలో వాళ్లను ఇండియన్ టెరిటరీకి, అంటే ఇప్పటి ఓక్లహోమాకు, పంపించేశారు. అధ్యాయాలు అక్కర్లేదు, ఒక్క నిజమైన వాక్యం రాయి, చాలు.

మీకు గంటలోపు దూరంలో బియాట్రిస్ దగ్గర ఫ్రీమన్ బడి ఉంది. 1872 నుంచి 1967 దాకా నడిచిన ఎర్ర ఇటుకల ఒంటిగది. ఇప్పుడు హోంస్టెడ్ జాతీయ చారిత్రక పార్కు వాళ్లు కాపాడుతున్నారు. మా అబ్బాయి దగ్గరికి వచ్చినప్పుడు నేనూ చూశాను. వేసవిలో వెళ్లకు. జనవరిలో వెళ్లి, స్టవ్ నుంచి చివరి బెంచీకి ఎన్ని అడుగులో చూసుకో. వెనక కూర్చున్న పిల్లలకు వేడి ఎంత అందేదో అప్పుడు రాయగలవు.

ఇక మంచుతుఫాను అధ్యాయం. 1949లో మీ పెద్దావిడ పిల్లలందరినీ తాడుతో కట్టి తుఫానులోంచి నడిపించిందని రాశావు. చదువుతుంటే నాకు అనుమానమొచ్చింది. అది ఆవిడ కథ కాదు, 1888 జనవరి 12 నాటి మిన్నీ ఫ్రీమన్ కథ. ఇందాకటి బడి పేరూ ఈవిడ పేరూ ఒకటే కావడం కాకతాళీయం. ఆ రోజు పొద్దున వెచ్చగా ఉంటే పిల్లలు పల్చటి బట్టలతో బడికొచ్చారు. తర్వాత ఒక్కసారిగా తుఫాను ముంచుకొచ్చింది. ఆర్డ్ ఊరి దగ్గర బడి పైకప్పు లేచిపోతే, ఇంకా ఇరవై నిండని ఆ టీచరు పిల్లల్ని ఒక రైతు ఇంటికి చేర్చింది. తాడు కట్టిందా లేదా అన్నదాని మీద ఇప్పటికీ వాదన ఉంది. అదే రోజు ప్లెయిన్‌వ్యూ దగ్గర లోయిస్ రాయిస్ అనే టీచరు, స్టవ్‌లోకి వెయ్యడానికి ఏమీ మిగలక, ముగ్గురు పిల్లలతో కూతవేటు దూరంలోని ఇంటికి బయల్దేరి దారి తప్పింది. రాత్రంతా పిల్లల్ని దగ్గరకు పొదువుకుని మంచులోనే పడుంది. ముగ్గురూ చనిపోయారు. మంచుకు కొరుక్కుపోయి ఆమె పాదాలు పోయాయి. ఒకావిడకు పేరొచ్చింది, ఇంకొకావిడకు జీవితాంతం ఆ రాత్రి మిగిలింది. తప్పు ఇద్దరిలో ఎవరిదీ కాదు. ఆ ప్రాంతంలో చదువు చెప్పిన ప్రతి ఆడమనిషీ ఈ రెండు కథలూ వింటూ పెరిగి ఉంటుంది. వాయవ్యాన మబ్బు కనబడితే పాఠం ఆపి కిటికీ దగ్గరికి వెళ్లడం ఆ కథల వల్లే. నీకు కావలసింది తాడు కాదు, ఆ కిటికీ. పైగా 1949 తుఫాను మొదలైంది జనవరి 2న, ఆదివారం. బడులు అప్పటికి తెరవలేదు. ఆ వారాల్లో సైన్యం బుల్డోజర్లతో దారులు తవ్వాల్సి వచ్చింది. ఇంట్లో నలుగురు పిల్లలతో, కొట్టంలో ఆవులతో ఆవిడ ఎలా నెట్టుకొచ్చిందో తెలుసుకో. చెయ్యని సాహసం అంటగడితే, చేసినదాన్ని కూడా ఎవరూ నమ్మరు.

కరువు సంగతీ అంతే. 1935 ఏప్రిల్ 14న వచ్చిన, నల్ల ఆదివారం అని పేరుపడ్డ దుమ్ము తుఫాను ఓక్లహోమా, టెక్సస్, కాన్సస్ వైపుది. ఆవిడ బడికి దాన్ని తీసుకురాకు. నెబ్రాస్కా ఎండలు నెబ్రాస్కాకు ఉన్నాయి. 1936 జులై 24న మిండెన్‌లో 118 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 48 సెల్సియస్. రెంటచింతల ఎండ ఎరిగిన మన పాఠకుడికి ఆ ఒక్క అంకె చాలు.

అన్నిటికన్నా నాకు బాధ కలిగించిన వాక్యం: "పెళ్లయ్యాక కొంతకాలం ఆమె ఉద్యోగానికి విరామమిచ్చి గృహజీవితం ఆస్వాదించింది." అమ్మా, అది విరామం కాదు. పెళ్లయిన ఆడవాళ్లను టీచర్లుగా పెట్టుకోకూడదన్న నియమం ఆ రోజుల్లో అమెరికాలో చాలా స్కూలు బోర్డులకు ఉండేది. ఆర్థికమాంద్యంలో అది మరీ బిగిసింది, మగవాడి జీతానికి అడ్డొస్తున్నారని. హైస్కూల్లో నార్మల్ ట్రైనింగ్ అనే టీచరు శిక్షణ చదివి, వేసవి సెలవుల్లో నెబ్రాస్కాలోనే పెరూ ఊళ్లోనో కెర్నీలోనో ఉన్న టీచర్ల కాలేజీలకు వెళ్లి సర్టిఫికెట్ నిలబెట్టుకున్న మనిషి, పెళ్లి చేసుకోగానే అనర్హురాలైపోయింది. తర్వాత రెండో ప్రపంచయుద్ధం వచ్చి టీచర్లు దొరక్కపోయేసరికి వాళ్లే గుమ్మంలోకొచ్చి పిలిచారు. మధ్యలో ఆవిడ కూర్చుని లేదు. ఆవులు పితికింది, కోళ్లు పెంచింది. గుడ్ల మీద, మీగడ మీద వచ్చిన డబ్బుతో సరుకులు తెచ్చింది. ఆ డబ్బు లెక్కల పుస్తకం కూతురి దగ్గర ఉందని నువ్వే రాశావు. ఆ లెక్కలూ, మళ్లీ పిలుపు వచ్చినప్పటి జీతమూ పక్కపక్కన పెట్టి చూడు.

ఇప్పుడు నీ పుస్తకానికి గుండెకాయ అనుకున్న చోటికి వస్తాను. ఆవిడ మళ్లీ బడికి వెళ్లినప్పుడు పెద్దకూతురు అదే గదిలో విద్యార్థి. బడిలో "అమ్మా" అనకూడదు, అందరిలా "మిసెస్" అని పిలవాలి, చెయ్యెత్తాలి. క్రిస్మస్ నాటకంలో మంచి వేషం ఎప్పుడూ వేరే పిల్లకే, పక్షపాతం అన్న మాట రాకూడదని. నువ్వు దీన్ని అర పేజీలో, "ఆమె నిష్పక్షపాతానికి నిదర్శనం" అని ముగించావు. తల్లివైపు నుంచి అది నిష్పక్షపాతమే. ఆ పిల్లవైపు నుంచి? రోజంతా ఎదురుగా అమ్మ ఉంది, అమ్మ లేదు. సాయంత్రం ఇంటికి నడిచే దారిలో ఏ మలుపు దగ్గర ఆవిడ మళ్లీ అమ్మయ్యేది? చెయ్యి పట్టుకునేదా? ఎనభై ఏళ్లు దాటిన ఆ కూతురు ఈ సంగతి నీకు చెప్పిందంటే, అది ఇంకా ఆమె మనసులో తడారలేదన్నమాట. ప్రేమగల తల్లి అని రాయడానికి ఆ నొప్పిని దాచనక్కర్లేదు. పరాయి పిల్లలకు సమంగా పంచడానికి సొంతపిల్ల వాటాలోంచే తీసింది. ఆ సంగతి తల్లికీ తెలుసు, పిల్లకూ తెలుసు. అయినా ఇద్దరూ సాయంత్రం కలిసి ఇంటికి నడిచారు. నాకు ఇంతకన్నా గట్టి ప్రేమకథ తెలియదు.

హాజరుపట్టీల గురించి జాగ్రత్త. వాటిలో ఎవరు పేలతో వచ్చారో, ఎవరు మొక్కజొన్న కోతకు వెళ్లి నెలరోజులు రాలేదో ఉంటుంది. పేర్లు వాడకు. ఆ పిల్లల మనవలు మీ ఊళ్లోనే ఉంటారు.

ఆవిడ పుట్టింట్లో జర్మన్ మాట్లాడేవారని ఒకచోట అన్నావు. అది తవ్వు. 1919లో నెబ్రాస్కా ప్రభుత్వం ఎనిమిదో తరగతి దాటని పిల్లలకు పరభాషలు నేర్పకూడదని చట్టం చేసింది. హాంప్టన్ దగ్గర ఒంటిగది బడిలో రాబర్ట్ మేయర్ అనే టీచరు పదేళ్ల పిల్లవాడికి జర్మన్ చదవడం నేర్పినందుకు 25 డాలర్ల జరిమానా వేశారు. 1923లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. ఆవిడ ఆ ఏడాదే చదువుకోవడానికి బడిలో చేరిందని నీ లెక్క. కోర్టు కొట్టేసినా, ఇళ్లలో భయం ఎన్నాళ్లుందో, ఆవిడ తన పిల్లలకు ఆ భాష ఎందుకు ఇవ్వలేదో కూతుర్ని అడుగు. ఆదివారాలు మీవాణ్ణి తెలుగు బడికి తీసుకెళ్లే నువ్వు ఈ ప్రశ్న అడిగినంత శ్రద్ధగా ఇంకెవరూ అడగలేరు.

ముందు కూతురు చదువుకున్న అధ్యాయం తిరగరాసి పంపు, సంక్రాంతిలోపు వస్తే మంచిది. మిగతావి తర్వాత చూద్దాం. పిల్లవాడికి నా ముద్దులు.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ వయసు మనిషి