టూర్ బస్సు గుళ్లు చూపిస్తుంది, ఊళ్లు చూపించదు

మీరు అడిగింది ఇదీ: "చిన్న చిన్న ఊళ్లు చూడాలని ఉంది. ట్రావెల్స్ వాళ్ల బస్సులో గుంపుతో వెళ్లడం మేలా, సొంతంగా వెళ్లడం మేలా?"

వెంట పెద్దవాళ్లుంటే బస్సే మేలు. ఇందులో ఆలోచించడానికేమీ లేదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మనీ, షుగరున్న అత్తయ్యనీ వెంటబెట్టుకుని తమిళనాడు వెళ్లినదాన్ని కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. సామాను మోయక్కర్లేదు, రాని భాషలో ఆటోవాళ్లతో బేరమాడక్కర్లేదు, పైగా వంటమనిషి బస్సులోనే వస్తాడు. డిక్కీలో బియ్యం బస్తాలు, గుండిగలు, గ్యాసు పొయ్యి, ఆవకాయ జాడీ. పొద్దున్నే సత్రం పెరట్లో ఉప్మా, మధ్యాహ్నం చెట్టు కింద పప్పన్నం. అరవ సాంబారు రెండో పూటకే మొహం మొత్తే మనవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి?

కానీ మీరడిగింది ఊళ్లు చూడటం గురించి. బస్సు ఆ పని చెయ్యదు. గుడి ముందు దింపుతుంది, నలభై నిమిషాలు టైమిస్తుంది, మళ్లీ ఎక్కించుకుంటుంది. దిగిన ఊరి పేరేమిటో కూడా సగం మందికి తెలియదు. "నిన్న గోపురం మీద కోతులున్నాయి చూడు, ఆ ఊరు" అని చెప్పుకుంటారు. తప్పు పూర్తిగా ట్రావెల్స్ వాళ్లదీ కాదు. తమిళనాడులో చాలా గుళ్లు మధ్యాహ్నం 12కి మూసేసి 4కి గానీ తియ్యరు. అందుకని పొద్దున్నంతా పరుగు, మధ్యాహ్నమంతా పడిగాపులు.

ఈ పరుగు అసలు రూపం చూడాలంటే కుంభకోణం వెళ్లండి. చుట్టుపక్కల తొమ్మిది ఊళ్లలో తొమ్మిది గ్రహాలకి గుళ్లున్నాయి. తింగళూరులో చంద్రుడు, ఆలంగుడిలో గురువు, తిరునాగేశ్వరంలో రాహువు, కంజనూరులో శుక్రుడు, ఇలా. అన్నీ ఒక్కరోజులో తిప్పేస్తామని బస్సులవాళ్లు గొప్పగా చెబుతారు. తిప్పుతారు కూడా. తెల్లవారకముందే లేపి, తడి తలలతోనే బస్సెక్కించి, ముందు చంద్రుడి దగ్గర దింపుతారు. బట్టలు ఆరేది కిటికీ ఊచల మీదే. వెనక సీటువాళ్ల మొహానికి ఎవరి పంచో తగులుతూ ఉంటుంది.

మా బస్సులో సంగీతం టీచరుగా చేసి రిటైరైన ఒక పెద్దావిడ ఉండేవారు. డెబ్భై దాటి ఉంటాయి. అందరం టీచరుగారనే పిలిచేవాళ్లం. అప్పటిదాకా ఎవరినీ ఒక్క మాట అన్న మనిషి కాదు. తింగళూరులో దర్శనమై అందరం ఎక్కాక, ఆవిడ మాత్రం కింద నిలబడిపోయారు.

"తిరువయ్యారు ఇక్కడికి పది నిమిషాల దూరం నాయనా. త్యాగయ్యగారి సమాధికి దణ్ణం పెట్టుకుని వచ్చేద్దాం" అన్నారు మేనేజరుతో.

"అది ప్యాకేజీలో లేదమ్మా" అన్నాడతను.

"నిన్న సాయంత్రం చీరల షాపు ఉందా ప్యాకేజీలో?"

బస్సులో ఒక్కసారిగా నవ్వులు. ముందురోజు పట్టుచీరల షాపు దగ్గర గంటన్నర ఆపాడు మరి. డ్రైవరుకీ మేనేజరుకీ అక్కడ కాఫీ, టిఫిను ఫ్రీ. కమీషన్ ఎంతో వాళ్లకే తెలియాలి. నన్నడిగితే యాత్ర బస్సు ఆగే షాపులో ఏదీ కొనకూడదు. అదే చీర మన రాజమండ్రిలో ఇంకా తక్కువకి వస్తుంది. ఆ ముక్క అత్తయ్యకి చెప్పినా వినలేదు, అది వేరే కథ.

మేనేజరు వాచీ చూపించాడు. "ఇప్పుడు అటు తిరిగితే గంట పోతుందమ్మా. 12 లోపు శుక్రుణ్ణి అందుకోలేం." శుక్రుడి పేరెత్తగానే మూడో వరసలో ఒకాయన లేచారు. వాళ్లమ్మాయికి సంబంధాలు కుదరడం లేదట, కంజనూరులో పూజ చేయించమని జ్యోతిష్కుడు చెప్పాడట, ఇంత దూరం వచ్చింది అందుకేనట. "మీ పాటల కోసం మా పిల్ల పెళ్లి ఆగాలా?" అన్నారు గట్టిగా. ఆ అమ్మాయి పక్కనే కూర్చుని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. కొంతమంది ఆయన వైపు, కొంతమంది టీచరుగారి వైపు. మా అమ్మ ఆవిడ వైపు, అత్తయ్య ఈయన వైపు. నేను నోరెత్తలేదు, ఇద్దరితోనూ ఇంటికెళ్లాలి కదా.

టీచరుగారు వాదించలేదు. "మీరు వెళ్లండి, నేను ఆటోలో వెళ్లి కుంభకోణం వచ్చేస్తాను" అని చేతిసంచీ అందుకున్నారు. ఆ వయసు మనిషిని రోడ్డు మీద వదిలేసి పోతే రేపు మాటెవరికొస్తుంది? మేనేజరు తల పట్టుకున్నాడు. ఇంతలో డ్రైవరు "నాకూ టీ పడాలండీ, అక్కడైతే హోటళ్లుంటాయి" అంటూ బండి స్టార్ట్ చేసి అటే తిప్పాడు. యాత్ర బస్సులో అసలు అధికారం ఎవరిదో ఆ రోజు తెలిసింది. మీరు వెళ్తే మేనేజరుని కాదు, డ్రైవరుని మంచి చేసుకోండి.

తిరువయ్యారు చిన్న ఊరు. మన త్యాగయ్య బతుకంతా గడిచింది అక్కడే. పుట్టింది 1767లో తిరువారూరులోనైనా, తిరుమంజన వీధిలోని ఇల్లూ, 1847లో పోయాక కావేరి ఒడ్డున సమాధీ ఇక్కడే. ఏటా పుష్య బహుళ పంచమికి ఆరాధన జరిగే చోటు. సమాధికి మందిరం కట్టించింది గాయని బెంగళూరు నాగరత్నమ్మ, 1920లలో, తన సొంత సొమ్ముతో. ఆరాధనలో ఆడవాళ్లని పాడనివ్వని రోజులవి. ఆవిడ పోట్లాడి పాడించింది, తనూ పాడింది. 1952లో పోయాక ఆవిడ సమాధి కూడా ఆయనకి ఎదురుగానే కట్టారు. ఇదంతా టీచరుగారే చెప్పారు. మేనేజరు కూడా చేతులు కట్టుకుని విన్నాడు. తెలుగువాళ్ల బస్సు తెలుగులో పాడిన ఆయన గుమ్మం పక్కనుంచి వెళ్తూ ఆగకపోవడం ఏమిటో నాకిప్పటికీ అర్థం కాదు. గ్రహాలకి ఉన్న గిరాకీ వాగ్గేయకారుడికి లేదు, అంతే.

ఆవిడ పాడతారని అందరూ ఎదురుచూశారు. పాడలేదు. దణ్ణం పెట్టుకుని, సంచీలోంచి ఖాళీ సీసా తీసి కావేరి మెట్ల వైపు నడిచారు. చూస్తే నీళ్లేవీ? మే నెల. ఎగువన కావేరి మీదున్న మేట్టూరు డ్యామ్ గేట్లు మామూలుగా ఎత్తేది జూన్ 12న. అప్పటిదాకా అక్కడ కావేరి అంటే ఇసుకే. ఆ ఇసుకలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. అన్నగారు రాముడి విగ్రహాన్ని ఈ కావేరిలోనే పారేస్తే త్యాగయ్యకి మళ్లీ ఇసుకలో దొరికిందని కథ చెబుతారు కదా, ఈ నెలలో పారేసి ఉంటే వెతికే పనే ఉండేది కాదు. ఒక కుర్రాడు టీచరుగారి చేతిలో సీసా చూసి, అడగకుండానే లాక్కుని, ఎక్కడో అవతల సన్నగా పారుతున్న పాయ దగ్గరికి పరిగెత్తి నింపుకొచ్చాడు. ఆవిడ 10 రూపాయలిస్తే 20 అడిగాడు. ఇచ్చారు. మిగతావాళ్లంతా ఈలోగా అశోకా హల్వా కొనుక్కునే పనిలో ఉన్నారు. పెసరపప్పుతో చేస్తారు, ఆ ఊరి ప్రత్యేకం. నెయ్యి చేతికి కారుతుంది. అత్తయ్య షుగరు సంగతి ఆ పూటకి మర్చిపోయింది.

ఆ పైన జరగాల్సింది జరిగింది. గురువు, రాహువు, సూర్యుడు అయ్యాక కంజనూరు చేరేసరికి గుడి తలుపులు వేసేస్తున్నారు. పెళ్లికూతురి తండ్రి పరిగెత్తారు గానీ లాభం లేకపోయింది. ఇక 4 దాకా అక్కడే. ఆయన టీచరుగారి వైపు చూసిన చూపు రాయడానికి లేదు.

కానీ నన్నడిగితే ఆ యాత్ర మొత్తంలో ఊరంటూ చూసింది ఆ నాలుగు గంటలే. వంటమనిషి చెట్టు కింద పొయ్యి పెట్టాడు. ఆడవాళ్లందరికీ ఒకటే టెన్షన్, బాత్రూమ్. మగవాళ్లు రాసే యాత్రా విశేషాల్లో ఈ మాట ఉండదు, వాళ్లకి ప్రతి గోడా ఒకటే కదా. మేం పొద్దుటినుంచీ మంచినీళ్లు తాగడం మానేసి కూర్చున్నాం. ఎదురింటావిడ మా మొహాలు చూసి ఏమీ అడగకుండానే పెరటి తలుపు తీసి దారి చూపించింది. ఒకరి తర్వాత ఒకరు బస్సులో ఆడవాళ్లందరం వెళ్లొచ్చాం. ఆవిడ తొట్టిలో నీళ్లయిపోతే పంపు కొట్టి నింపాం. తర్వాత వాళ్ల అరుగు మీదే విస్తళ్లు పరిచారు. మా పప్పూ ఆవకాయా ఆవిడకి పెడితే, మజ్జిగ చెంబుతో తెచ్చిచ్చింది. పెళ్లి కావాల్సిన అమ్మాయి ఆ ఇంటి పిల్లతో గచ్చకాయలు ఆడింది. తండ్రి అదే అరుగు మీద పడుకుని గుర్రు పెట్టారు. గుడి తెరిచాక తీరిగ్గా పూజ చేయించుకున్నారు, ఆ వేళకి రద్దీ కూడా లేదు.

మిగతా గ్రహాలు గబగబా అయిపోయాయి. చివరికి తిరునళ్లారులో శని. అది కారైకాల్‌లో ఉంది, అంటే మన యానాంలాగే పుదుచ్చేరి కిందికే వస్తుంది. ఈ మాట తెలియగానే యానాం నుంచి వచ్చిన జంట సొంతూరొచ్చినట్టు మిగతావాళ్లకి దారి చూపించడం మొదలుపెట్టారు. వాళ్లూ అక్కడికి రావడం అదే మొదలు.

కాబట్టి వెంట పెద్దవాళ్లుంటే బస్సులోనే వెళ్లండి గానీ, డబ్బు కట్టేముందు కొన్ని అడగండి. వంటమనిషి వస్తాడా, రాత్రి బస సత్రంలోనా లాడ్జీలోనా, గదికి ఎంతమంది, షాపుల దగ్గర ఎన్నిసార్లు ఆపుతారు. మీకు చూడాలని ఉన్న ఊరు దారిలో ఉంటే అప్పుడే చెప్పి కాగితం మీద రాయించుకోండి. బయల్దేరాక ఎవరూ వినరు, టీచరుగారంత మొండివాళ్లయితే తప్ప. ఇంకొకటి, వెనక చక్రాల మీద సీటు ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోకండి. మా అమ్మ నడుము నొప్పికి కారణం అదేనని డాక్టరు ఒప్పుకోడు గానీ నాకు తెలుసు.