పెర్సెఫోనీ ప్రేమకథలు చదివే పిల్లలకు మూలకథ ఎప్పుడు ఇవ్వాలి?

తొమ్మిదో తరగతి చదువుతున్న మీ అమ్మాయి గ్రీకు పురాణాలను ప్రేమకథలుగా తిరగరాసిన నవలలు వదలకుండా చదువుతోందనీ, ఎత్తుకుపోయినవాణ్ణే ప్రియుడిగా చూపించే పాతాళ రాజు హేడీస్, పెర్సెఫోనీల కథ చూసి మీకు కంగారు పుట్టిందనీ రాశారు. ఇలాంటివి మాన్పించాలా, లేక ముందుగా మూలకథలు చదివించాలా అని అడిగారు. మా అక్క కూతురు ఇదే వయసులో ఈ పుస్తకాల్లో పడింది. తనతోపాటు నేనూ చదువుతూ వచ్చాను కనుక ఆ అనుభవంతోనే చెబుతున్నాను. మాన్పించకండి. మూలకథ తప్పకుండా చదివించండి, అయితే నవలకు ముందు కాదు, తరువాత.

ఈ కథకు మనకు దొరికే అతి ప్రాచీనమైన పూర్తి రూపం, ప్రాచీన గ్రీకు కవి హోమర్ పేరిట చెలామణిలో ఉన్న, పంటల దేవత డిమీటర్ స్తోత్రం. అది క్రీస్తుపూర్వం 7, 6 శతాబ్దాల నాటిదని చెబుతారు. దాదాపు 500 పాదాలే కాబట్టి ఒక పూటలో పూర్తవుతుంది. అందులో పెర్సెఫోనీ చెలులతో కలిసి గులాబీలు, కుంకుమపూలు కోస్తూ ఉండగా ఒకే వేరు నుంచి నూరు పూలు విరిసిన నార్సిసస్ మొక్క కంటబడుతుంది. దేవతల రాజు జ్యూస్ ఇష్టప్రకారం, ఆ పిల్లను బుట్టలో వేయడానికే భూదేవి దాన్ని మొలిపించింది. ఆమె రెండు చేతులూ చాచేసరికి నేల బద్దలై హేడీస్ రథం పైకి వస్తుంది. తండ్రి అయిన జ్యూస్ ఈ సంబంధానికి ముందే ఒప్పుకున్నాడు. తల్లి డిమీటర్‌కు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆమె తొమ్మిది రోజులు తిండీ స్నానమూ మాని, చేతుల్లో కాగడాలతో కూతురి కోసం భూమంతా గాలిస్తుంది. చివరకు విత్తనం మొలకెత్తకుండా చేసి, దేవతలకు అందవలసిన నైవేద్యాలకే ఎసరు తెచ్చి జ్యూస్ మెడలు వంచుతుంది. మొదటి నుంచి చివరి దాకా ఇది తల్లి కథ. హేడీస్ నోరు విప్పేది ఒక్కచోటే.

ప్రేమ నవల రాసేవారికి సందు దొరికేది దానిమ్మ గింజ దగ్గర. పాతాళంలో ఏదైనా తిన్నవారు ఏటా కొంతకాలం అక్కడికి తిరిగి వెళ్ళక తప్పదన్నది ఈ కథలోని నియమం. పెర్సెఫోనీని వెనక్కి తీసుకుపోవడానికి దేవతల దూత హెర్మీస్ వచ్చినప్పుడు, హేడీస్ ఆమె చేత గుట్టుగా గింజ తినిపించాడని కవి చెబుతాడు. తల్లిని కలుసుకున్నాక ఆమె అదే సంగతి చెబుతూ, తనకు ఇష్టం లేకపోయినా బలవంతంగా తినిపించాడంటుంది. ఆ బలవంతం కవి మాటలో లేదు, ఆమె మాటలోనే ఉంది. అది జరిగిన నిజమా, అమ్మకు ఇచ్చుకున్న సంజాయిషీయా? కొన్ని శతాబ్దాల తరువాత రోమన్ కవి ఒవిడ్, ఆమె తోటలో తిరుగుతూ తానే పండు కోసుకుని ఏడు గింజలు తిన్నదని రాశాడు. స్తోత్రంలో ఏడాదిలో మూడో వంతుగా ఉన్న పాతాళవాసం ఒవిడ్ దగ్గరకు వచ్చేసరికి సగమైంది. ఆయన లెక్కలో అది తెలియక చేసిన పనే, కానీ చేయి మాత్రం ఆమెదే. కాబట్టి తెలిసే తిన్నదని నేటి రచయిత్రులు రాయడం మరీ గాలిలోంచి పుట్టిన కల్పన కాదు.

మన ఇళ్ళలో పెరిగిన పిల్లలకు ఈ తేడా విడమరచడం సులభం. పోతన భాగవతంలోని రుక్మిణీ కల్యాణంలో ఉన్నదీ అపహరణే. కానీ అక్కడ అగ్నిద్యోతనుడి చేత కబురు పంపింది రుక్మిణి. గౌరీపూజకు గుడికి వెళ్ళినప్పుడు వచ్చి తీసుకుపొమ్మని ఉపాయం చెప్పిందీ ఆమే. హేడీస్‌ను ప్రియుడిగా మార్చిన నవలల్లో నేను చదివినవన్నీ ఏదో ఒక దారిన పెర్సెఫోనీని రుక్మిణిని చేస్తాయి: ఒకదానిలో ఇద్దరికీ ముందే పరిచయం ఉంటుంది, మరొకదానిలో ఆమె తనంతట తానే పాతాళానికి దిగుతుంది. ఈ మార్పు నాకు తప్పుగా తోచదు. ఆడపిల్ల ఇష్టాయిష్టాలు ఎవరూ అడగని కథలో ఎవరో ఒకరు ఇప్పటికైనా అడిగారు.

నాకు పేచీ ఉన్నది డిమీటర్ విషయంలో. కూతురు ఇష్టపడే వెళ్ళిందనగానే తల్లి దుఃఖానికి కథలో పని లేకుండా పోతుంది. దాంతో ఆమెను కూతుర్ని గడప దాటనివ్వని గయ్యాళిగా మార్చడం చాలా నవలల్లో ఆనవాయితీ అయింది. స్తోత్రం చదివాక మా అక్క కూతురు, "పిన్నీ, వాళ్ళమ్మ ఇంతలా వెతికిందా? నవలలో ఊరికే అరుస్తూ ఉంటుంది కదా" అంది. మూలకథ తరువాత ఇమ్మన్నది ఇందుకే. ముందే ఇస్తే పాఠంలా భావించి రెండూ పక్కన పెట్టేస్తారు, లేదా నవలలో తప్పులు ఏరడం మొదలుపెడతారు. నవల అయ్యాక ఇస్తే, ఎవరిని పెంచడానికి ఎవరిని తగ్గించారో వాళ్ళే పట్టుకుంటారు.

అన్ని కథలకూ ఇంత తకరారు లేదు. గ్రీకు వీరుడు థీసియస్ నాక్సోస్ ద్వీపంలో వదిలేసిపోయిన ప్రియురాలు ఆరియాడ్నీ గోడును ఆమె రాసిన ఉత్తరంగా ఒవిడే కూర్చి పెట్టాడు. ట్రాయ్ యుద్ధ వీరులు అకిలీస్, పాట్రోక్లస్‌లది ప్రేమ అనడం ఈనాటి వారి పైత్యమని కొందరు విసుక్కుంటారు గాని, వారి కథ చెప్పే హోమర్ కావ్యం ఇలియడ్ తేల్చి చెప్పకపోయినా ప్లేటో 'సింపోజియం'లో వారి ప్రస్తావన ప్రేమికులుగానే వస్తుంది.

ఇక వయసు సంగతి. టీనేజి పిల్లల కోసం రాసినవీ, పెద్దల కోసం రాసినవీ ఆన్‌లైన్ దుకాణాల్లో ఒకే వరుసలో, ఇంచుమించు ఒకేలాంటి అట్టలతో కనిపిస్తాయి కాబట్టి కొనేముందు ఏ వయసు వారి కోసమో చూడండి. 2018 నుంచి 2024 వరకు నడిచిన వెబ్‌కామిక్ 'లోర్ ఒలింపస్' బొమ్మలు ముద్దుగా ఉన్నా, అందులో లైంగిక దాడి, దాని తరువాతి వేదన కథలో ముఖ్యమైన భాగాలు. దాన్ని మీరూ పక్కనే చదవడం మంచిది. స్తోత్రానికి 1914లో వచ్చిన ఎవ్లిన్-వైట్ ఇంగ్లీషు వచనానువాదం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. భాష కాస్త పాతదైనా, ఇంగ్లీషు నవలలు చదివే పిల్లకు అది అడ్డం కాదు.