స్ప్రే కొట్టినా వంటింట్లో బొద్దింకలు తగ్గట్లేదంటే

పాలకొల్లులో మీ వంటింట్లో వారం వారం స్ప్రే కొడుతున్నా చిన్న బొద్దింకలు మళ్లీ వస్తున్నాయంటే, చాలావరకు కారణం ఆ స్ప్రేయే. ఎదురుపడినవి చస్తాయి, మిగతావి సందుల్లోకి చెదిరిపోతాయి. గుడ్ల తిత్తికి మందు ఎక్కదు. ఒక్కో తిత్తిలో 30 నుంచి 40 గుడ్లు!

1. స్ప్రే ఆపేయండి. మందు చాక్‌పీసు గీతలు కూడా తుడిచెయ్యండి.

2. బొద్దింకల జెల్ (అవి తిని చచ్చే ఎర మందు) తెచ్చి బియ్యపు గింజంత చుక్కలు పెట్టండి: ఫ్రిజ్ వెనక, అలమరా తలుపుల మూలల్లో, సింకు పైపు గోడలోకి వెళ్లే కన్నం చుట్టూ. పిల్లల చేతికి అందకుండా.

3. అందరూ తప్పు చేసేది ఇక్కడే. జెల్ దగ్గర స్ప్రేగానీ ఫినాయిల్‌గానీ తగలనివ్వకండి, ఆ వాసనకి అవి జెల్ ముట్టవు. జెల్ తిన్నది వెంటనే చావదు, సందులోకి పోయి చస్తుంది. దాని రెట్ట, శవం తిన్న పిల్ల బొద్దింకలూ చస్తాయి. మొదటి రోజుల్లో పగటిపూట తూలుతూ బయటికొస్తాయి. కంగారుపడి మళ్లీ స్ప్రే కొట్టకండి, దయచేసి.

4. రాత్రి సింకు, గట్టు పొడిగా తుడిచి పడుకోండి. మన కాలవల ప్రాంతంలో తేమకి కొదవలేదు, ఇంట్లో నీళ్లయినా దొరకనివ్వకూడదు.

5. గుడ్లు పగలడానికి దాదాపు నెల పడుతుంది. అందుకే రెండు మూడు వారాలకోసారి ఎండిన చుక్కలు తీసేసి కొత్తవి పెట్టండి, కనీసం రెండు నెలలు.