ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ పేటెంట్లు ముగిశాయట, ఇక ఎవరైనా తయారు చేసుకోవచ్చా?

మూల రసాయనాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, దాని కీలక పేటెంట్ల గడువు 2022 నాటికే తీరిపోయింది. తర్వాత వచ్చిన మెరుగుదలలకు మాత్రం ఆ స్వేచ్ఛ లేదు. పేటెంటు దరఖాస్తు చేసిన రోజు నుంచి 20 ఏళ్లు చెల్లుతుంది, అదీ మంజూరైన దేశంలోనే. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ను 1990ల్లో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడెనఫ్ బృందం వెలుగులోకి తెచ్చింది. దీనిలో కరెంటు సరిగా పారదు. రేణువులను బాగా చిన్నవి చేసి, కార్బన్ పూత వేస్తేగానీ పనికిరాదు. అసలు కీలకం ఆ పూతలోనే ఉంది. మాంగనీస్ కలిపిన రకాలు, కొత్త సెల్ డిజైన్ల మీద పేటెంట్లు ఇంకా నడుస్తున్నాయి.

విశాఖ ఆటోనగర్‌లో ఎవరైనా ఈ-ఆటోకు ఈ రకం బ్యాటరీ ప్యాక్ కట్టాలనుకుందాం. 3.2 వోల్టుల సెల్స్ 16 సిరీస్‌లో కలిపితే 51.2 వోల్టులు. ఒక్కో సెల్ 3.65 దాటకూడదు కాబట్టి ఛార్జర్ 58.4 దగ్గర ఆగాలి. పాత లెడ్ యాసిడ్ ఛార్జరే తగిలిస్తే ఆ హద్దు దాటొచ్చు. సెల్స్‌ను కనిపెట్టి అదుపు చేసే సర్క్యూట్ (బీఎంఎస్) కూడా నాసిరకమైతే సెల్స్ ఉబ్బుతాయి. సెల్స్‌ను కలిపే లోహపు పట్టీల (బస్‌బార్) నట్లు బిగించాక సీల్ సరిగా వేయకపోతే సముద్రపు ఉప్పుగాలికి తుప్పు పట్టి, ఆ జాయింటు వేడెక్కుతుంది.

పేటెంటు పోతే అనుమతులూ అక్కర్లేదనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఎలక్ట్రిక్ టూవీలర్లు, ఆటోల బ్యాటరీలకు మన దేశంలో ఉన్న ఏఐఎస్-156 భద్రతా పరీక్షలకు, పేటెంటుకు సంబంధమే లేదు.