జి తీగ శ్రుతిలో నిలవకపోతే ముందు నట్ చూడు

చిన్నా,

ఆరాధనలో రెండో పాటకే జి తీగ దిగిపోతోందని, శ్రుతి చేసే కీలన్నీ మార్పించేస్తానని రాశావు. కాస్త ఆగు. కీల తప్పు ఉండేది చాలా తక్కువసార్లు. నీది గిబ్సన్ వాళ్ల లెస్ పాల్ తరహా ఎలక్ట్రిక్ గిటార్. దాని హెడ్, అంటే కీలుండే తల భాగం, వెనక్కి బాగా వాలి ఉంటుంది, గిబ్సన్ వాళ్ల కొలత ప్రకారం 17 డిగ్రీలు. పైగా కీలు మూడు అటు, మూడు ఇటు. అందుకే డి, జి తీగలు నట్ (నెక్ చివర తీగలు ఆనే గాళ్ళ పట్టీ) దాటగానే కిందికీ వంగుతాయి, పక్కకీ తిరుగుతాయి. ఆ మలుపులో గాడి అంచు తీగను పట్టేస్తుంది. ఫెండర్ వాళ్ల స్ట్రాట్‌లో ఆరు కీలూ ఒకే వరసలో ఉంటాయి, తీగలు తిన్నగా పోతాయి, ఈ గొడవ తక్కువ.

నమ్మకం కుదరకపోతే ఇలా చూడు. జి తీగను ట్యూనర్ పెట్టి సరిచేసి, ఏడో ఫ్రెట్ (నెక్ మీది అడ్డ కమ్మీ) దగ్గర గట్టిగా బెండ్ చేసి, అంటే పక్కకు లాగి, వదులు. శ్రుతి కొంచెం దిగిందా? ఇప్పుడు కీ ముట్టుకోకుండా, నట్‌కీ కీకీ మధ్య తీగను వేలితో ఒకసారి నొక్కి వదులు. శ్రుతి మళ్ళీ పైకొస్తే దొంగ దొరికినట్టే. బెండ్ చేసినప్పుడు ఇవతలికి జారిన తీగ, గాడిలో ఇరుక్కుని వెనక్కి పోలేదన్నమాట. కీ తిప్పుతుంటే టింగుమని చప్పుడొచ్చి ట్యూనర్ సూది ఒక్కసారిగా గెంతినా ఇదే జబ్బు.

ముందు ఖర్చు లేని వైద్యం చెయ్యి. తీగ వదులు చేసి పక్కకు తప్పించి, గాడిలో మురికి తుడిచి, 2బి పెన్సిల్ ముక్కుతో బాగా రుద్దు. చాలా గిటార్లకు ఇంతే చాలు. వారం తిరక్కుండా మళ్ళీ మొదలైతే గాడి ఇరుకని అర్థం. గేజ్ అంటే తీగ మందం; 9 గేజ్‌కి కోసిన గాడిలో 11 ఎక్కిస్తే పట్టెయ్యక ఏం చేస్తుంది?

ఇక కొత్త నట్ సంగతి. చవక గిటార్లకు వచ్చే డొల్ల ప్లాస్టిక్ నట్ మెత్తన, తీగ అందులోకి దిగబడిపోతుంది. ఎముకది గట్టిది, ఆకురాయికి చక్కగా తెగుతుంది, నా ఓటు దానికే. కోసేటప్పుడు మాత్రం కాలిన వాసన వస్తుంది, మాస్క్ పెట్టుకోవాలి. గ్రాఫ్ టెక్ వాళ్ల టస్క్ ఎక్స్‌ఎల్‌లో టెఫ్లాన్ కలిసి ఉంటుంది కాబట్టి తీగ తేలిగ్గా జారుతుంది, అదీ మంచిదే. ఇత్తడి జోలికి పోకు. ట్రెమోలో (తీగలన్నిటి శ్రుతినీ ఒకేసారి ఊపే మీట) లేని గిటార్‌కి, తీగల్ని బిగించి పట్టే లాకింగ్ నట్ దండగ. ఏది కొన్నా పాతదాని పొడవు, మందం, ఎత్తు కొలుచుకుని వెళ్ళు. లెస్ పాల్ నట్ సుమారు 43 మి.మీ. పొడవుంటుంది, స్ట్రాట్‌ది 42, పైగా చాలా పలచన. ఒకదానిది ఇంకోదానికి సరిపోదు.

కానీ ఒకటి గుర్తుంచుకో. ఎంత ఖరీదు పెట్టినా గాడి సరిగ్గా కోయకపోతే అది పాత ప్లాస్టిక్‌తో సమానం. గాడి తీగ కంటే వెంట్రుకవాసి వెడల్పుండాలి, 0.05 నుంచి 0.1 మి.మీ. ఎక్కువ. అడుగు గుండ్రంగా, నున్నగా ఉండాలి. గాడి హెడ్ వైపుకు వాలుతూ పోవాలి, తీగ మాత్రం ఫ్రెట్‌బోర్డు వైపు అంచు మీదే ఆనాలి. ఆ అంచు వదిలేసి మధ్యలో ఆనిందంటే వట్టి తీగ (ఏ ఫ్రెట్ దగ్గరా నొక్కని తీగ) సితార్‌లా జుయ్యిమంటుంది. డి, జి గాళ్ళకు వెనకవైపు అంచును వాటి కీల దిక్కుగా కొంచెం విప్పాలి. నీ గిటార్‌కి అసలు మందు ఇదే, హడావుడిగా కోసేవాళ్ళు దీన్నే వదిలేస్తారు. రిపేర్ షాపులో పక్కన నిలబడి అడిగి చేయించుకో. నట్‌కి వాడే సన్నటి ఆకురాళ్ళు లేకుండా ఇంట్లో బ్లేడుతో గెలకొద్దు.

నట్ ఎత్తు చూసేముందు నెక్ వంపు సరిచేయించు. మన కోస్తా తేమకు చెక్క కదులుతుంది, వంకర నెక్ మీద నట్ దించితే తర్వాత ఏడవాలి. నెక్ కుదిరాక తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టి మొదటి ఫ్రెట్ పైన చూడు. కనీకనపడని సందు ఉండాలి, వేలితో తడితే టిక్కుమనాలి. సందు ఎక్కువైతే వట్టి తీగలన్నీ శ్రుతిలో ఉన్నా ఎఫ్ కార్డ్ మాత్రం శ్రుతి ఎక్కువై పలుకుతుంది, వేళ్ళూ నొప్పెడతాయి. అసలు లేకపోతే వట్టి తీగ బజ్ కొడుతుంది. అప్పుడు వంటసోడా పొడి గాడిలో వేసి ఫెవిక్విక్ చుక్క వదిలి, ఆరాక మళ్ళీ కోస్తారు. కొన్నాళ్ళు గడుస్తుంది కానీ శాశ్వతం కాదు.

కొత్తది అతికించేటప్పుడు ఫెవికాల్ ఒక్క చుక్క చాలని చెప్పు. ఎక్కువ పూస్తే రేపు ఊడదీసేటప్పుడు చెక్క పెచ్చు లేస్తుంది.

షాపుకెళ్ళేముందు ఇకపై ఏ గేజ్ వాడతావో తేల్చుకుని, ఆ తీగల ప్యాకెట్ వెంట తీసుకెళ్ళు. గాళ్ళు దాని కొలతకే కోయాలి.

మీ బాబాయి