ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు మారితే పాఠశాలకు ఖర్చే ఉండదా?

ఉంటుంది; లైసెన్సు రుసుము తప్పినా ఉపాధ్యాయుల శిక్షణకు, కంప్యూటర్ల నిర్వహణకు, పాత ఫైళ్ల మార్పిడికి డబ్బు కావాలి. అయితే సోర్స్ కోడ్‌ను, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు కోడ్‌ను, చూసి, మార్చుకొని, పంచుకునే హక్కును ఓపెన్ సోర్స్ లైసెన్సే ఇస్తుంది కనుక, ఆ డబ్బు ఏటేటా ఒకే కంపెనీకి రుసుముగా పోకుండా స్థానిక నైపుణ్యం పెరగడానికి ఉపయోగపడుతుంది; అసలు లాభం ఇదే. కేరళలో 2017 వరకు ఐటీ ఎట్ స్కూల్ ప్రాజెక్టుగా ఉన్న కైట్ అనే ప్రభుత్వ సంస్థ, ఉబుంటు అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఆధారంగా తమ పాఠ్యప్రణాళికకు తగిన ఆపరేటింగ్ సిస్టమ్‌ను రూపొందించి బడులకు అందించింది. దాన్ని ఎన్ని కంప్యూటర్లలో వేసుకున్నా అదనపు లైసెన్సు కొననక్కర్లేదు, కానీ ఉపాధ్యాయులకు శిక్షణ మాత్రం ఇవ్వవలసే వచ్చింది. ఉచితంగా దొరికేదంతా ఓపెన్ సోర్సేనని చాలామంది పొరబడతారు. పీడీఎఫ్ ఫైళ్లు చదవడానికి వాడే అడోబ్ రీడర్ ఉచితమే, అయినా దాని సోర్స్ కోడ్‌ను మార్చుకునే హక్కు వాడుకరికి లేదు.