పెల్లెట్లు తూకం వేస్తే గ్రూప్ దగ్గరపడుతుందా?

భీమవరంలో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ సాధన చేస్తున్న ఒకరు అడిగారు: రైఫిల్‌ని ఇసుక సంచి మీద ఆనించి కాల్చినా ఈ వానల్లో గ్రూప్ (వరుస షాట్ల రంధ్రాలు పడే గుంపు) విచ్చుకుపోతోంది, 0.001 గ్రాము చూపించే తూకం కొని పెల్లెట్లు (సీసపు గుళ్లు) ఏరాలా అని. గాలి సిలిండర్ రైఫిల్, హ్యాండ్ పంపుతో నింపుతారట.

ఇప్పుడే కొనకండి. ముందు గ్రూప్ ఆకారం చూడండి, సగం జవాబు అక్కడే ఉంటుంది.

నిలువుగా సాగిందంటే వేగంలో తేడా. లెక్క చూడండి: 0.53 గ్రాముల పెల్లెట్ సెకనుకు 170 మీటర్ల వేగంతో వెళ్తే 10 మీటర్లు చేరేలోపు దాదాపు 17 మిల్లీమీటర్లు కిందికి జారుతుంది. వేగం 5 మీటర్లు తగ్గితే ఇంకో మిల్లీమీటరు. పది పాయింట్ల చుక్క అడ్డంగా అర మిల్లీమీటరే! బరువులో 0.01 గ్రాము తేడా వస్తే కదిలేది 0.3 మిల్లీమీటరు ప్రాంతంలో. మంచి మ్యాచ్ డబ్బాలో అంత తేడా కూడా తరచుగా కనబడదు. అందుకే క్రోనోగ్రాఫ్ (పెల్లెట్ వేగం కొలిచే పరికరం) అరువు తెచ్చుకుని 20 షాట్లు కొలవండి. కాసేపు ఆగి కాల్చిన మొదటి షాట్ ఒక్కటే పైకో కిందికో పోతుంటే రెగ్యులేటర్ (ప్రతి షాట్‌కీ గాలి పీడనం ఒకేలా ఉంచే భాగం) పీడనం నెమ్మదిగా పైకి పాకుతోందన్నమాట. అది విప్పడం తెలిసినవాళ్ల పని, మీరు ముట్టుకోవద్దు.

వానాకాలంలోనే మొదలైందంటున్నారు కాబట్టి నా అనుమానం పంపు మీదే. డెల్టా గాలిలో చెమ్మ ఎక్కువ. 200 బార్లకి నొక్కితే ఆ చెమ్మ నీరై సిలిండర్‌లోకి, అక్కణ్ణుంచి రెగ్యులేటర్‌లోకి చేరుతుంది. పంపుకి చెమ్మ పీల్చే సిలికా జెల్ ఫిల్టర్ పెట్టండి. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగాయంటే తడిసినట్టే, వేడిచేసి ఆరబెట్టాలి. 30, 40 స్ట్రోకులకోసారి ఆగి బ్లీడ్ స్క్రూ (లోపలి గాలి, చెమ్మ బయటికి వదిలేది) వదలండి. పంపు చల్లారనివ్వండి, తొందరపడితే సీళ్లు పోతాయి.

గ్రూప్ గుండ్రంగా చెదిరితే పెల్లెట్ తల కొలత బ్యారెల్‌కి కుదరలేదన్నమాట. 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్లవి మూడూ తెచ్చి, ఒక్కోదానితో 10 షాట్ల గ్రూపులు రెండేసి కాల్చి చూడండి. 5 షాట్ల గ్రూప్ మోసం చేస్తుంది. కొలత మార్చినప్పుడు కొత్త పెల్లెట్లతో 10, 15 షాట్లు ఊరికే కాల్చేశాకే లెక్కలోకి తీసుకోండి. నచ్చిన లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) దొరికితే అదే నంబరువి మరో నాలుగు డబ్బాలు కొనిపెట్టుకోండి.

తొమ్మిది ఒకచోట పడి ఒక్కటి దూరంగా పోతే చాలావరకు పెల్లెట్ వెనక పల్చటి అంచు (స్కర్ట్) నొక్కుకుపోయిందే. డబ్బాలోంచి అరచేతిలోకి గుమ్మరించకండి. అద్దం పలకని కాస్త వాలుగా పెట్టి దొర్లిస్తే మంచివన్నీ ఒకే వంపు తిరిగి ఒకేచోట ఆగుతాయి, వంకరవి దారి తప్పుతాయి. తూకం కన్నా ఇదే నయం, పైగా ఖర్చు లేదు.

డబ్బాలు చెక్కపెట్టెలో దాచకండి, చెక్క ఆవిరికి సీసం మీద తెల్లపొడి పడుతుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా పొట్లం వేసి ఉంచండి. పెల్లెట్ నోట్లో పెట్టుకునే అలవాటుంటే మానెయ్యండి, సీసం కదా.